ఏ టీవీ కొందాం?

విశాఖపట్నం గాజువాకలో ఒక పొదుపు సంఘం ఉంది. అందులో వదినామరదళ్ళు ఇద్దరు సభ్యులు. మరదలి భర్తది స్టీల్ ప్లాంటులో కాంట్రాక్టు పని. పని ఉన్న రోజే కూలి. ఆమె సంఘంలో అప్పు తీసుకుని పెద్ద టీవీ కొనాలనుకుంది. ఇద్దరూ కలిసి షాపుకు వెళ్ళారు.

అక్కడ రెండు టీవీలు పక్కపక్కనే ఉన్నాయి. రెండూ 43 అంగుళాలే. ఒకటి 22 వేలు. రెండోది 29 వేలు.

"వదినా! రెండోదే బాగుంది. రంగులు చూడు, ఎలా మెరిసిపోతున్నాయో!" అంది మరదలు.

"తొందరపడకు. పెట్టె మీద ఏం రాసుందో చదువుదాం" అంది వదిన.

ఇద్దరూ కూడబలుక్కుని చదివారు.

43 అంగుళాలు అంటే ఏమిటి? టీవీ తెరను పై మూల నుంచి ఎదుటి కింది మూలకు కొలుస్తారు. అది సుమారు 109 సెంటీమీటర్లు.

టీవీలో బొమ్మ చిన్న చిన్న చుక్కలతో తయారవుతుంది. మన ముగ్గులో చుక్కల్లాగే. మొదటి టీవీ 'ఫుల్ హెచ్‌డీ'. అడ్డంగా 1920 చుక్కలు, నిలువుగా 1080 చుక్కలు. రెండోది 'ఫోర్ కె'. అడ్డంగా 3840, నిలువుగా 2160. అంటే అడ్డంగా రెండింతలు, నిలువుగా రెండింతలు. మొత్తం నాలుగింతల చుక్కలు. చుక్కలు ఎక్కువైతే బొమ్మ నున్నగా వస్తుంది.

"బాబూ, మా ఇంట్లో కేబుల్ పెట్టినా ఇలాగే కనిపిస్తుందా?" అని వదిన అడిగింది.

"ఇది పెన్‌డ్రైవ్‌లో వేసిన ఫోర్ కె బొమ్మ అమ్మా" అన్నాడు షాపతను.

"అయితే రెండింటిలో మామూలు చానల్ పెట్టి చూపించు."

పెట్టాడు. ఇద్దరూ ఎనిమిది అడుగుల దూరంలో నిలబడి చూశారు. పెద్ద తేడా కనిపించలేదు.

ఎందుకని? మామూలు చానల్లో తక్కువ చుక్కలే వస్తాయి. టీవీ వాటినే సాగదీసి చూపిస్తుంది. బిందె పెద్దదైతే కుళాయిలో నీళ్ళు ఎక్కువ రావు కదా! దూరంగా కూర్చుంటే చుక్కల తేడా కంటికి అంతగా తెలీదు కూడా.

షాపుల్లో తెర వెలుగు, రంగు బాగా పెంచి పెడతారు. ఇంట్లో అంత అవసరం ఉండదు.

ధరలో తేడా 7 వేలు. నెలకు 1000 రూపాయలు కడితే, వడ్డీ కాక మరో ఏడు నెలల అప్పు. మరదలు మొదటి టీవీయే కొంది.

ఇంట్లో మంచి నెట్ ఉండి, ఫోర్ కె సినిమాలు దగ్గరగా కూర్చుని చూసేవాళ్ళకు రెండోది పనికొస్తుంది.

గుర్తుంచుకోండి

1. పెట్టె మీద రాసింది చదవండి.
2. ఇంట్లో చూసే చానలే షాపులో పెట్టించి చూడండి.
3. తెర మీద కిటికీ వెలుగు పడి మెరిస్తే బొమ్మ సరిగా కనిపించదు. టీవీ ఎక్కడ పెట్టాలో ముందే అనుకోండి.
4. కరెంటు ఆదా చెప్పే నక్షత్రాలు లెక్కపెట్టండి. ఒకే సైజు టీవీల్లో నక్షత్రాలు ఎక్కువుంటే కరెంటు ఖర్చు తక్కువ.

ఆలోచించండి

మీ ఇంట్లో టీవీని ఎన్ని అడుగుల దూరం నుంచి చూస్తారు? కొలిచి రాయండి.