మోసగాళ్ళకు మోసగాడు: రీమేక్, ప్రేరణ, కాపీరైట్

రెండు ముఠాల పోరులోకి ఒంటరిగా దిగే యోధుడి కథను అకిర కురోసావా ‘యొజింబో’ (1961)గా తీయగా, సెర్జియో లియోనీ దానినే అనుమతి లేకుండా ‘ఎ ఫిస్ట్‌ఫుల్ ఆఫ్ డాలర్స్’ (1964)గా మలచి వివాదంలో చిక్కుకున్నాడు. వాల్టర్ హిల్ ‘లాస్ట్ మ్యాన్ స్టాండింగ్’ (1996) మాత్రం ‘యొజింబో’కు అధికారిక రీమేక్, అనగా హక్కులు పొంది చేసిన పునర్నిర్మాణం. లియోనీ కౌబాయ్ శైలి ప్రేరణతో కె.ఎస్.ఆర్.దాస్ దర్శకత్వంలో, ఆరుద్ర రచనతో, కృష్ణ కథానాయకుడిగా పద్మాలయా సంస్థ నిర్మించిన ‘మోసగాళ్ళకు మోసగాడు’ (1971) తెలుగులో తొలి కౌబాయ్ చిత్రం.

ఇలాంటి ప్రేరణ, రీమేక్‌ల విషయంలో పబ్లిక్ సర్వీస్ కమిషన్ పరీక్షలకు ముఖ్యాంశం: భావానికి కాక దాని వ్యక్తీకరణకే కాపీరైట్ ఉంటుందని సుప్రీంకోర్టు ఆర్.జి.ఆనంద్ కేసులో (1978) స్పష్టం చేసింది. కాపీరైట్ చట్టం, 1957లోని 26వ సెక్షన్ ప్రకారం చలనచిత్రానికి రక్షణ, విడుదలైన మరుసటి క్యాలెండర్ సంవత్సరం మొదలు 60 ఏళ్లు కనుక, 1971 చిత్రానికి అది 2031 చివరి వరకు ఉంటుంది.