యజమాని నడత - పనివాని మనస్సు

మహారాష్ట్రలో ఠాణా జిల్లాకు చెందిన భివండి పట్టణము మరమగ్గములకు పేరు పొందినది. చేతిమగ్గము కూడు పెట్టక, తెలంగాణము నుండి పద్మశాలి కుటుంబములు అనేకము అచ్చటికి తరలిపోయినవి. మరమగ్గమును వారు సాంచా అందురు. నేతకూలి సాధారణముగా నేసిన బట్ట కొలతను బట్టి ముట్టును. కావున కొలత, కోత, లెక్క - ఈ మూడింటియందే యజమాని నడత పనివానికి తెలియును.

ఒక ఉదాహరణము ఊహింతము. నూలు నాసిరకమగుటచే పోగు మాటిమాటికి తెగినది. బట్టలో లోపము వచ్చినది. ముకాదం విచారింపకయే కూలిలో కోత వేసెను. "నూలు ఒకసారి చూడండి సేఠ్" అన్నవానికి "పని రానివానికి సాకులెక్కువ" అను సమాధానము దొరికినది. ఆనాటినుండి అతడు నోరు విప్పడు. పోగు తెగినను చూచీచూడనట్లుండును. "మనకెందుకన్నా, ఎట్ల నేసినా కోత తప్పదు" అని ప్రక్క సాంచా వాడనును. క్రొత్తగా చేరినవాడు పనితోపాటు ఈ మాటయు నేర్చుకొనును.

దీనిని సోమరితనమనుట పొరపాటు. సంస్థకు నిజాయితీ లేదను నమ్మకము, దానిపై అయిష్టము, దానిని చులకన చేయు ప్రవర్తన - ఇట్టి అవిశ్వాసమునకు ఇవి మూడు అంగములని 1998లో డీన్, బ్రాండెస్, ధార్వాడ్కర్ అను పరిశోధకులు చెప్పిరి. ఇది పుట్టుకతో వచ్చిన గుణము కాదు, అనుభవమున ఏర్పడిన వైఖరి అని వారి అభిప్రాయము. అనుభవమున ఏర్పడినది అనుభవముననే మారవచ్చును.

అహమ్మదాబాదు కాలికో మిల్లులో స్వయంచాలక మగ్గములు వచ్చినను ఉత్పత్తి ఆశించినంత పెరుగలేదు. పనిని తునకలుగా పంచుటచే ఎవరికెవరు బాధ్యులో తెలియకుండెనని 1953లో ఏ. కె. రైస్ అను ఆంగ్ల పరిశోధకుడు గ్రహించెను. 64 మగ్గములను ఏడుగురి జట్టుకు అప్పగించు ఏర్పాటు జరిగినది. జట్లను పనివారే కూర్చుకొనిరి. కొంత ఒడిదుడుకుల పిమ్మట ఉత్పత్తి పెరిగినది, బట్ట పాడగుట తగ్గినది. మనుష్యులు వారే, మగ్గములు అవే. మారినది అప్పగించిన తీరు.

భివండిలోని చిన్న కార్ఖానాకు ఆ పద్ధతి యథాతథముగా పొసగకపోవచ్చును. కాని కోత వేయుటకు ముందు లోపమును నేతగానికి చూపి కారణమడుగుట, అతని యెదుటనే కొలిచి వ్రాయుట, చెప్పిన దినమున కూలి యిచ్చుట ఏ యజమానికైనను సాధ్యమే. బజారు పడిపోయి కూలి పెంచలేనప్పుడు ఆ మాట దాచక చెప్పుటయు మేలే. నిజము విని పనివాడు బాధపడవచ్చును గాని, మోసపోతినని అనుకొనడు.

తెగిన పోగును నిమిషములో ముడివేయవచ్చును. తెగిన నమ్మకమునకు ప్రతి పగారు దినమును పరీక్షయే.