పొద్దున వడగాడ్పు, సాయంత్రం గాలివాన: ఎండాకాలం పంటను ఎలా కాపాడుకోవాలి?

ఎండాకాలం అంటే ఒట్టి ఎండలే అనుకునే రోజులు పోయినయ్. 2024 మే మొదటి వారం గుర్తుందా? తెలంగాణలో చాలా చోట్ల 45 డిగ్రీలు దాటింది. అదే వారంలో మే 7 సాయంత్రం హైదరాబాద్‌లో కుండపోత. బాచుపల్లిలో గోడ కూలి ఏడుగురు చనిపోయారు. 2023 మార్చిలో వికారాబాద్ జిల్లా మర్పల్లిలో రాళ్ల వాన పంటల్ని పండబెట్టేసింది. మన చెంగిచెర్ల, ఉప్పల్ వైపు ఆకుకూరలు, టమాట వేసేవాళ్లు ఈ రెండు దెబ్బలకీ ముందే సిద్ధం కావాలి.

ఎందుకిలా?

నేల బాగా కాగితే దాని మీది గాలి తేలికై పైకి లేస్తుంది. బంగాళాఖాతం నుంచి తేమ వచ్చి కలిస్తే మధ్యాహ్నం తర్వాత క్యుములోనింబస్ మేఘాలు కమ్ముతాయి. ఈదురుగాలి, పిడుగులు, వడగళ్లు వీటి నుంచే. పైగా గాలి 1 డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ తేమ పట్టుకోగలదు. అందుకే ఎండ ముదిరాక వచ్చే వాన కుమ్మరిస్తుంది.

ఒక లెక్క చూడండి. ఎకరం మీద 1 మిల్లీమీటరు వాన అంటే సుమారు 4 వేల లీటర్లు. 50 మిల్లీమీటర్లు పడితే 2 లక్షల లీటర్లు! ఎండకు గట్టిపడిన చల్క నేల అన్ని నీళ్లు గంటలో తాగలేదు. నీళ్లతో పాటు పైమట్టి కూడా పోతుంది. మనం ఏళ్ల తరబడి జీవామృతం పోసి పెంచుకున్నది ఆ పైమట్టినే.

ఏం చేయాలి?

1. ఆచ్ఛాదన: వరిగడ్డి, ఎండుటాకులు 3-4 అంగుళాల మందాన పరవండి. ఎండకు తేమ ఆరదు, వాన చినుకు నేరుగా మట్టిని కొట్టదు. మొదలుకు ఆనించకండి, కుళ్లు వస్తుంది.

2. కాలువ: మడి పల్లం వైపు నీళ్లు పోయే దారి ఇప్పుడే తీయండి. వాలుకు అడ్డంగా చిన్న కందకం తీస్తే కొట్టుకొచ్చే మట్టి అందులో ఆగుతుంది.

3. తడి: పొద్దున్నే లేదా పొద్దుగూకినాక పెట్టండి. సాయంత్రం వాన సూచన ఉంటే ఆ రోజు తడి ఆపేయండి. వేళ్ల దగ్గర నీళ్లు నిలిస్తే గాలి ఆడదు, వాఫస పోతుంది.

4. పిచికారీ: వాన ముందు చేస్తే కడుక్కుపోతుంది. మిట్టమధ్యాహ్నం అసలే వద్దు.

5. ఊతం: టమాట, బీర, కాకర పందిళ్ల కట్లు బిగించండి. గాలి వచ్చే వైపు ఆముదం లేదా జొన్న రెండు సాళ్లు వేయండి.

వాన వెలిసినాక

నిలిచిన నీళ్లు వెంటనే తీసేయండి. తడి నేలలో తొక్కకండి, గట్టిపడుతుంది. విరిగిన కొమ్మలు కోసేసి, ఆకు ఆరినాక పుల్లటి మజ్జిగ పలచగా కొట్టండి. రెండు మూడు రోజులకు, నేల పదునుకొచ్చినాక, జీవామృతం ఎకరానికి 200 లీటర్లు ఇవ్వండి.

అన్నింటికన్నా ముఖ్యం మనిషి ప్రాణం. ఉరుము వినబడితే చెట్టు కిందికి పోవద్దు, పక్కా ఇంట్లోకి పోండి. ఫోన్‌లో దామిని యాప్ పెట్టుకోండి. కూలీలకు 12 నుంచి 4 దాకా పని పెట్టకండి.

కందకం ఎలా తీయాలో వీడియోలో చూపించాను. చూసి, వాన రాకముందే మీ మడిలో తీసేయండి.