పికప్ కొనబోయే మా అల్లుడికి

అల్లుడూ, ఏ వేరియంట్ తీసుకోమంటావు మామా అని ఫోన్లో అడిగితివి. ఫోన్లో తెగే మాట కాదది. ముప్పై ఏళ్లుగా దొర్నిపాడు పొలాలకు బండి తోలుతున్నా. ఇప్పటికి మూడు పికప్‌లు మార్చినా. ఒకటి మంచిది, ఒకటి పర్వాలేదు, ఇంకొకటి మీ అత్త ఇప్పటికీ ఎత్తిపొడిచేది. ఆ మూడో దానితో నేర్చుకున్నవే ఇందులో ఎక్కువ.

1. ముందు బురదలో దిగే రోజులు లెక్కబెట్టుకో. ఒక ఏడాది నేను గోడమీది క్యాలెండర్లో బురదలో దిగిన రోజుకు ఇంటూ కొట్టినా. ఇరవై మూడు వచ్చినాయి. మిగతాదంతా ఆళ్లగడ్డ, కోవెలకుంట్ల, నంద్యాల తారు రోడ్డే. కానీ ఆ ఇరవై మూడూ వాయిదా వేసే రోజులు కావు. శనగ విత్తే అదునులో పడతాయి, అదును నీకోసం ఆగదు. నీ సంగతి వేరు. బెంగళూరులో వారమంతా ఆఫీసు, రెండు నెలలకోసారి ఊరు, ఏడాదికోసారి గండికోటో అహోబిలమో. వానొస్తే నువ్వు మరో వారం పోవచ్చు. అందుకే నాలుగు చక్రాలూ లాగే ఫోర్ బై ఫోర్ నాకు పని, నీకు సరదా. సరదా అని ఒప్పుకునే కొను. మీ అమ్మ దగ్గర మాత్రం పొలం పనికని చెప్పొద్దు, నన్నడుగుతుంది.

2. ఇక ఆ మూడో బండి కథ. కంపెనీ పేరు రాయను, తప్పు నాది. పెద్ద స్క్రీను, తోలు సీట్లు, తళతళలాడే పద్దెనిమిది అంగుళాల చక్రాలు చూసి పడిపోయినా. వెనక రెండు చక్రాలే లాగే బండి, అయినా ఎత్తుంది కదా అనుకున్నా. అక్టోబరులో వెనక తొట్టి నిండా శనగ మూటలేసుకుని చేనికి పోతే సుబ్బరంగా పోయింది. మూటలు దించినాం. సన్నగా తుంపర పట్టింది. తిరిగొచ్చేటప్పుడు అదే డొంకలో, అదే బండి, అడుగు కదల్లేదు.

ఎందుకో తర్వాత అర్థమైంది. పికప్‌కు ముందు ఇంజను బరువు, వెనక ఖాళీ తొట్టి. తిరిగే చక్రాలేమో వెనకవి. బరువున్నప్పుడు నేలను పట్టుకున్నవి, ఖాళీ కాగానే గిరగిర తిరిగినాయి. పైగా మన నేల రేగడి. ఎండితే చెయ్యి పట్టేంత నెర్రెలిస్తుంది, తడిస్తే ఉబ్బి బంకవుతుంది. ఆ బంక టైరు గాళ్లలో నిండితే కొత్త టైరైనా గుండు కొట్టించుకున్న తలలా నున్నగా అవుతుంది. చివరికి ట్రాక్టరొచ్చి లాగింది. అప్పటినుంచి వానాకాలంలో తొట్టిలో, వెనక ఇరుసు మీదకొచ్చేటట్టు, నాలుగు ఇసుక మూటలు కట్టి పెడతా. ఇంత చవకైన పరికరం ఏ టాప్ ఎండ్‌లోనూ రాదు.

3. ఫోర్ బై ఫోర్ ఉన్నా రేగడి మింగుతుంది. కూరుకున్నాక వేస్తే నాలుగు చక్రాలూ నాలుగు గుంతలు తవ్వుకుంటాయి. బురద కనబడగానే, దిగకముందే వెయ్యి. ఎండిన తారు మీదికి రాగానే తీసెయ్యి. వీ-క్రాస్, హైలక్స్ పికప్‌లలో ఫోర్ వేస్తే ముందు ఇరుసూ వెనక ఇరుసూ ఒకే వేగంతో తిరుగుతాయి. మలుపులో ముందు చక్రాలు ఎక్కువ దూరం పోవాలి. బురదలో ఆ తేడా జారి సర్దుకుంటుంది, తారు మీద సర్దుకోలేక గేర్ల మీద పడుతుంది. హైలక్స్‌లో వెనక డిఫరెన్షియల్ లాక్ కూడా ఉంది. ఒక చక్రం గాల్లో లేచినా రెండోది లాగుతుంది. రాళ్ల బాటలో అది స్క్రీను కన్నా విలువైంది.

4. టైరు మీది అంకెలు చదవడం నేర్చుకో. వీ-క్రాస్ తయారయ్యేది మన శ్రీసిటీలోనే. నేను చూసినప్పుడు అదే కంపెనీ తక్కువ రకం హై-ల్యాండర్‌కు 245/70 ఆర్16, పై రకం వీ-క్రాస్‌కు 255/60 ఆర్18 ఉండినాయి. 245లో 70 శాతమంటే టైరు పక్కగోడ ఎత్తు 17 సెంటీమీటర్ల పైన. రెండోదానికి 15 చిల్లర. మన కోవెలకుంట్ల, బనగానపల్లె దిక్కు నాపరాయి పెళ్లలు కత్తుల్లా ఉంటాయి, పక్కగోడనే కోస్తాయి. గోడ ఎత్తుంటే వంగి తప్పించుకుంటుంది, పొట్టిదైతే చీలుతుంది. తమాషా ఏమంటే మంచి టైరు తక్కువ రకానికిచ్చి, ఫోర్ బై ఫోర్ పై రకంలో పెట్టినారు. పై రకమే కొంటే చక్రాలు మార్చే ఖర్చు ఇప్పుడే కలుపుకో. మొత్తం ఎత్తు మారకుండా చూసుకో, మారితే స్పీడో మీటరు అబద్ధమాడుతుంది.

5. మీ అమ్మ మోకాళ్లు. ఫుట్‌బోర్డు లేని రకం తీసుకుంటే మా చెల్లెలు నీ బండెక్కదు. వెనక సీటు వీపు నిటారుగా ఉంటుంది, షోరూంలో నువ్వు అరగంట అందులో కూర్చుని చూడు.

6. పొడుగు. ఈ బండ్లు దాదాపు అయిదు మీటర్ల ముప్పై సెంటీమీటర్లు. మీ అపార్ట్‌మెంటు కింద టేపు పెట్టి కొలువు. నేనైతే నంద్యాల బజారుకు పోవాలంటే స్కూటరే తీస్తా.

7. 2020 తర్వాతి డీజిలు బండ్లకు పొగగొట్టంలో మసి పట్టే జల్లెడ ఉంటుంది, డీపీఎఫ్ అంటారు. రోజూ రెండు కిలోమీటర్లు తోలి ఆపితే మసి కాలదు, దీపం వెలుగుతుంది. వారానికోసారి హైవే మీద అరగంట తోలు. ఆఫీసు దగ్గరైతే అసలు డీజిలు పికప్ ఎందుకో నువ్వే చెప్పు.

8. బొలేరో క్యాంపర్‌ను తీసిపారెయ్యొద్దు. మన పల్లెల్లో మెకానిక్ ప్రతివాడూ దాన్ని విప్పగలడు. కానీ దానికి పసుపు బోర్డు, ఫిట్‌నెస్ తనిఖీలు తప్పవు. ఏ బోర్డైనా తొట్టిలో మనుషుల్ని ఎక్కించొద్దు, పెళ్లయినా సరే.

9. అడవి. నల్లమల పులులుండే అడవి, అటవీశాఖ ఒప్పుకోని బాటలో బండి దింపొద్దు. అడవిలోని పావన నరసింహస్వామి గుడికి దిగువ అహోబిలంలో జీపులు దొరుకుతాయి. నీ కొత్త బండి అక్కడే నిలిపి ఆ జీపెక్కు. ఏసీ లేదు, స్క్రీను లేదు, డ్రైవరు ఏ రాయి మీద ఏ చక్రం పెడతాడో మాత్రం కళ్లార్పకుండా చూడు. నీళ్ల సంగతీ అంతే. హైలక్స్ 700 మిల్లీమీటర్ల నీళ్లలో పోతుందని కంపెనీ మాట. అది నిలిచిన నీళ్లకు. పారే వంకలో మోకాలి లోతు కూడా బండిని పక్కకు నెట్టగలదు. కుందూ నది పొంగినప్పుడు మేమంతా గట్టు మీద కూర్చుని బీడీలు కాల్చేవాళ్లమే.

10. బుక్ చేసే ముందు, ఈ అక్టోబరులో వాన పడ్డ మర్నాడు ఊరికి రా. నా పాత బండి ఇస్తా, ఖాళీ తొట్టితోనే మన డొంకలో ఒక్కసారి తోలు. పాత చెప్పులేసుకుని రా. ట్రాక్టరుకు ముందే చెప్పిపెడతా.