తమ్మునికి, సివిల్ సీటు సంగతి

హైదరాబాద్,
జూలై 2025

తమ్మీ,

నీ మెసేజ్ చూసిన. పాలిసెట్ ర్యాంకుకు డిప్లొమాలో సివిల్ వచ్చేటట్టున్నదనీ, లింగాలలో అందరూ "కంప్యూటర్ తీసుకో, మళ్ల మట్టిలకేనా?" అంటున్నరనీ రాసినవ్. ఇది ఫోన్లో తేలే ముచ్చట కాదు. అందుకే కాగితం పట్టిన.

ముందుగాల్నే చెప్తున్న, సివిల్ తీసుకో. పనికి కరువు రాదు. కేంద్రం 2025-26 బడ్జెట్‌లో మూలధన వ్యయానికి పెట్టిందే 11.21 లక్షల కోట్లు, అందులో రోడ్లది, రైళ్లదే పెద్ద వాటా. మన దిక్కు చూసినా సోమశిల కాడ కృష్ణ మీద తీగల వంతెన, నల్లమలలో శ్రీశైలం రోడ్డుకు ఎలివేటెడ్ కారిడార్, హైదరాబాద్ చుట్టూ రీజినల్ రింగు రోడ్డు, పాలమూరు-రంగారెడ్డి ఎత్తిపోతలలో మిగిలిన పని. కొన్ని ఇంకా కాగితాల మీదనే ఉన్నయ్, అది వేరే సంగతి. సలేశ్వరం జాతరకు పోయే బాట చూసినోడు ఎవడూ ఈ దేశంలో కట్టేది అయిపోయిందని అనడు. నువ్వు అడగాల్సింది పని ఉంటదా అని కాదు. ఆ పని పైసలు ఎవరి చేతికి, ఎప్పుడు వస్తయని.

బాపు కాలం నీకు గుర్తుండదు, నువ్వు చిన్నోడివి. దసరాకు గుంపు మేస్త్రీ అడ్వాన్స్ ఇచ్చేటోడు. ఆ పైసలు పండుగకు, పాత అప్పుకు పొయ్యేటియి, మనుషులు లారీ ఎక్కేటోళ్లు. నాగార్జునసాగర్ రాతికట్టు కాడి నుంచి ఎన్ని రాష్ట్రాల కాలువల దాకా పాలమూరు లేబర్ చెయ్యి పడిందో లెక్క లేదు. మట్టి పనికి కూలి రోజు మీద కాదు, కొలత మీద. తవ్విన గుంత నడుమ ఒక మట్టిదిమ్మను తవ్వకుండా వదిలిపెడ్తరు. దాని ఎత్తు కొలిస్తే గుంత లోతు తెలుస్తది. వాన పడి ఆ దిమ్మ తల కరిగిందనుకో, కరిగినంత పని లెక్కలకెళ్లి పోయినట్టే. టేపు ఏడికెళ్లి పట్టిండని కొలిచేటాయనను అడిగేటోడు గుంపులో ఒక్కడు ఉండేటోడు కాదు. అడ్వాన్స్ నెత్తి మీద ఉన్నోడు ఏమని అడుగుతడు? 1979లోనే అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం వచ్చింది. మేస్త్రీకి లైసెన్సు, కూలీకి పాస్‌బుక్కు, దారి ఖర్చులు అన్నీ అందులో రాసిండ్రు. మన వాడలో ఆ పాస్‌బుక్కు ఉన్న ఇల్లు నాకైతే కనపడలే.

ఇప్పుడు ఆ మట్టి పనంతా ప్రొక్లెయిన్లు చేస్తున్నయ్. ఒక్క ఆపరేటర్ పొద్దుగూకే లోపల గుంపంత పని ఎత్తిపోస్తడు. ఉత్త చేతుల పనికి జార్ఖండ్, బీహార్, ఒడిశా పిలగాండ్లు వస్తున్నరు. ఫిబ్రవరి 22న మన జిల్లా దోమలపెంట కాడ శ్రీశైలం ఎడమగట్టు కాలువ (ఎస్‌ఎల్‌బీసీ) సొరంగం కప్పు కూలింది కదా. దాదాపు 14 కిలోమీటర్ల లోపల చిక్కుకున్న 8 మంది జార్ఖండ్, ఉత్తరప్రదేశ్, పంజాబ్, జమ్మూ కశ్మీర్ వాళ్లు. ఇన్ని నెలల్లో ఇద్దరి శవాలే బయటికొచ్చినయ్. మనోళ్లు పరాయి రాష్ట్రాల్లో పడ్డ బాధ ఇప్పుడు మన నల్లమల కింద వాళ్లు పడుతున్నరు. ఆ సొరంగం లెక్క ఏండ్ల తరబడి ఆగిన పనిని మళ్ల మొదలుపెట్టే కాడ మస్తు జాగ్రత్త కావాలె. నువ్వు రేపు ఏ సైటుకు పోయినా మొదటి రోజే బయటికి దారి ఏడున్నది, అంబులెన్సు ఎంత దూరంలో ఉంటది చూసుకో. చిన్నతనం అనుకోకు.

పైసల సంగతికొస్తా. కట్టుడు రంగం ఎద్దడి, వరద రెండూ ఉన్న వాగు. అమరావతికి 2015లో శంకుస్థాపన అయింది, 2019లో ప్రభుత్వం మారినంక పని ఆగింది, మళ్ల ఈ మే 2న ప్రధాని వచ్చి మొదలుపెట్టిండు. నడుమ ఏండ్లలో సగం లేచిన బిల్డింగుల సుట్టూ నీళ్లు నిలిచినయ్. వాటిని నమ్ముకొని క్రేన్లకు ఫైనాన్స్ తీసుకున్నోళ్ల గతి ఏమైందో ఎవరూ రాయరు. చైనాలో ఎవర్‌గ్రాండ్ అంతటి ఇండ్లు కట్టే కంపెనీనే నిరుడు జనవరిలో హాంకాంగ్ కోర్టు అమ్మి అప్పులు కట్టుమన్నది. అందుకే కొలువులో చేరే ముందు కంపెనీ పేరు కాదు, ఆ పనికి పైసలు ఏడికెళ్లి వస్తున్నయో అడుగు. కేంద్రం హైవేలలో హైబ్రిడ్ యాన్యుటీ అని ఉంటది. కట్టేటప్పుడు 40 శాతం సర్కారు ఇస్తది, మిగతాది తర్వాత ఏండ్ల మీద కిస్తీలుగా వస్తది. అంటే కంపెనీకి బ్యాంకు అప్పు పుట్టాలె. రాష్ట్రం పనులైతే బిల్లు రాసుడు ఒక ఎత్తు, పాసై పైసలు పడుడు ఇంకో ఎత్తు. నేను ఇంతకుముందు చేసిన ఒక చిన్న కాంట్రాక్టరు కాడ బిల్లు రాలేదని మాకు నెలల తరబడి జీతం ఆగింది. ఆయన మంచోడే.

ఇంక నువ్వు నేర్వాల్సింది. కొలత నేర్చుకో. టోటల్ స్టేషన్ పట్టుడు, లెవెల్ తీసుడు, డ్రాయింగు చదువుడు, మెజర్‌మెంట్ బుక్కు రాసుడు. డిప్లొమాలో థియరీ మార్కులకు ఇవి కొంచెం లోకువ, సైటు మీద మాత్రం ఇవే అన్నం పెడ్తయ్. బాపు ముందు టేపు పట్టినోడి జాగాలో నువ్వుంటవ్. అప్పుడు దిమ్మ తల కరిగిందని నీకు కనపడ్తది, రాసే పెన్ను కూడా నీ చేతిలోనే ఉంటది.

నా కాంక్రీటు ల్యాబు పని కూడా కొలతనే. రాత్రి పదకొండు గంటలకు స్లాబ్ నడుస్తుంటది, మిక్సర్ బండి వస్తది. కాంక్రీటు పైపులో కదలట్లేదని పంపు ఆపరేటర్ నీళ్ల పైపు అందుకుంటడు. ముప్పై సెంటీమీటర్ల ఇనుప కోన్ నింపి, మెల్లగ పైకి లేపితే ముద్ద ఎంత కుంగిందో చూస్తం. ఎక్కువ కుంగితే బండి వాపస్. క్యూబులు పోసి, నీళ్లలో నానబెట్టి 28 రోజులకు పగలగొడ్తం గానీ, అప్పటికి ఆ స్లాబ్ మీద ఇంకో అంతస్తు లేచి ఉంటది. అందుకే ఆ కోన్ కాడనే కొట్లాడాలె. "మేడం, ఒక్క బండికే కదా" అంటరు. నాణ్యత చిన్న ముచ్చట కాదు. 2019లో ప్రారంభించిన మేడిగడ్డ బ్యారేజీ పిల్లర్లు 2023 అక్టోబర్‌లో కుంగితే, ప్లానింగు, డిజైను, నాణ్యత, నిర్వహణ అన్నింటిలో లోపాలున్నయని జాతీయ డ్యామ్ సేఫ్టీ అథారిటీ కమిటీ చెప్పింది. బండ్లు వాపస్ పంపే ఈ ఉద్యోగంలో చెడ్డపేరు తప్పదు, తెలిసే రా.

మూడేండ్లయినంక ఈసెట్ రాస్తే బీటెక్ రెండో సంవత్సరంలో చేరొచ్చు. అసిస్టెంట్ ఇంజినీర్ (ఏఈ) నోటిఫికేషన్ పడితే రాయి, దాని కోసం ఇంట్లో కూసొని ఏండ్లు పోగొట్టుకోకు. పనిలో ఉండే చదువు.

ఒక్క సంగతి, బాపుకు భవన నిర్మాణ కార్మికుల బోర్డు కార్డు రెన్యూ చేయించు. అరవై దాటకముందే అవ్వాలె. వెబ్ ఆప్షన్లకు ముందు కులం, ఆదాయం సర్టిఫికెట్లు మీసేవలో తీసిపెట్టు. హాస్టల్ ఉన్న కాలేజీలు పైన పెట్టు. బస్సు చార్జీలకు నేను పంపుత, మేస్త్రీ కాడ మాత్రం చెయ్యి చాపొద్దని అమ్మకు చెప్పు.

మీ అక్క