గల్లీ రోడ్ల మరమ్మతు

మనము నివసించు గల్లీల మరమ్మతునకు ధనమెచ్చటి నుండి వచ్చును? హైదరాబాదులో 2019లో 709 కిలోమీటర్ల ప్రధాన రహదారుల నిర్వహణ ఐదేండ్ల కాలమునకు ప్రైవేటు ఏజెన్సీలకు అప్పగింపబడినది. గల్లీలు ఆ లెక్కలో చేరలేదు. వాటికాధారము నగరపాలక సంస్థ బడ్జెటు. అందు ముఖ్యమైన రాబడి మనము చెల్లించు ఆస్తిపన్ను.

ఇక క్రమము. మంచినీటి గొట్టములు, మురుగుకాలువ బాగుపడిన పిదపనే రోడ్డు వేయవలెను. లేనిచో కొత్త రోడ్డును మరల త్రవ్వుదురు. ఒకే వీధికి రెండు ఖర్చులు! పాత పొరను తొలగింపక దానిపైననే సిమెంటు పోసినచో వీధి మట్టము గడపను మించును, వాననీరు ఇండ్లలో చొచ్చును. పాతబస్తీ ఇరుకు గల్లీలలో ఇది మనమెరిగిన కష్టమే. కావున అంచనా తయారగునప్పుడే ఇంజనీరుచేత గడపల ఎత్తును కొలిపించి అందు వ్రాయించుకొనవలెను. బిల్లు చెల్లిన తరువాత అడిగిన ప్రయోజనము స్వల్పము.