బడిలో వెనుకబడిన బిడ్డయెడ పెద్దల ధర్మము

న్యాయస్థానమునందు ఎంత ఘోరమైన నేరము మోపబడిన వానినైనను విచారింపక శిక్షింపరాదు. సాక్ష్యము వినవలెను, వాడు తన పక్షమున చెప్పుకొనదలచినది చెప్పుకొననీయవలెను, సందేహము మిగిలినయెడల దాని ఫలము వానికే దక్కవలెను. హత్యానేరము మోపబడినవానికి సైతము ఈ రక్షణ గలదు. కాని మన యిండ్లలో ఎనిమిదేండ్ల పసివానిపై “వీడు మొద్దు” అను మాట యొకటి పడినచో దానికి విచారణ లేదు, సాక్ష్యము లేదు, అప్పీలు లేదు. ఆ తీర్పు చెప్పువారు ఒకప్పుడు తండ్రి, ఒకప్పుడు ఉపాధ్యాయుడు. దానిని బ్రతుకంతయు మోయువాడు మాత్రము బిడ్డయే. ఇట్టి తీర్పులు మిక్కిలి తఱచుగా తప్పుతీర్పులగుచున్నవనియు, వానిని తిరుగ విచారించుట పెద్దల ధర్మమనియు చదువరులకు విన్నవించుటకే ఈ చిన్న వ్యాసము.

కొంతకాలము క్రిందట బోధను ప్రాంతమునుండి బీడీలు చుట్టి జీవించు నొక స్త్రీ నిజామాబాదులోని నా కార్యాలయమునకు వచ్చెను. ఆమె భర్త గల్ఫుదేశమున కూలిపనిలో నున్నాడు. అతని కాగితముల విషయమై సలహా కోరి వచ్చినది. వెంట నాలుగవ తరగతి చదువు కుమారుడుండెను. మాటలసందున ఆమె, “మా పోరనికి చదువు వస్తలేదు వకీలు సాబ్. మొద్దు. వచ్చే యేడు బడి మాన్పిచ్చి మేస్త్రీ యెంబడి పంపుత” అనెను. బాలుడు నేలవైపు చూచుచు నిలిచియుండెను. ఆ మాట వానికి క్రొత్త కాదని ముఖమే చెప్పుచుండెను.

నేనొక కాగితముమీద 42లోనుండి 17 తీసివేయుమని వ్రాసి యిచ్చితిని. వాడు 35 అని వ్రాసెను. పిమ్మట కాగితము మడిచి ప్రక్కనుంచి, “మీ అమ్మ నలభై రెండు కట్టల బీడీలు చేసింది. సేటు పదిహేడు కట్టలు తీసుకపోయిండు. ఎన్ని మిగిలినయి?” అని యడిగితిని. వాడొక్క నిమిషమైనను తడయక “ఇరవై అయిదు” అనెను. ఎట్లు చెప్పితివని యడుగగా, “పది తీస్తే ముప్పై రెండు, ఇంకో యేడు తీస్తే ఇరవై అయిదు” అని బదులిచ్చెను.

రెండు ప్రశ్నలును ఒక్కటే. నోటితో సరిగా చెప్పినవాడు కాగితముమీద ఏల తప్పెను? వాడు 7లోనుండి 2 తీసి 5 అనియు, 4లోనుండి 1 తీసి 3 అనియు వ్రాసెను. పెద్ద అంకెలోనుండి చిన్న అంకెను తీయవలెనను నియమమును తనకు తెలిసినంతవఱకు శ్రద్ధతో పాటించెను. వానికి తెలియనిది ఒక్కటియే: 42లోని 4 నాలుగు పదులనియు, ఒకట్లు చాలనప్పుడు ఒక పదిని విప్పి పది ఒకట్లుగా చేసికొనవచ్చుననియు వానికి తెలియదు. విచారింపగా, వాడు రెండవ తరగతిలో నుండగా తల్లి జబ్బుపడుటచే రెండు నెలలు అమ్మమ్మ యింట నుండెనని తేలినది. ఆ రెండు నెలలలో బడి ముందునకు సాగిపోయెను; వాడు తిరిగి వచ్చినప్పుడు తప్పిన మెట్టునొద్దకు వానిని చేయిపట్టి తీసికొనిపోయినవారు లేరు. ఆ మెట్టుపైని కట్టిన ప్రతి పాఠమును నాటినుండి కూలుచునే యున్నది.

ఇది ఈ బాలునికి మాత్రమే కలిగిన వింత కాదు. కలకత్తా, ఢిల్లీ నగరముల అంగళ్లలో సరకులమ్ము పిల్లలను పరీక్షించి పండితులు వ్రాసిన పరిశోధన యొకటి 2025లో ‘నేచర్’ పత్రికలో వెలువడినది. బేరమునందు చిక్కులెక్కలు నోటితో సరిగా చేయు పిల్లలు అట్టి లెక్కలనే పాఠశాల రీతిని కాగితముపై నిచ్చినప్పుడు తడబడిరి. బడిలో లెక్కలు నేర్చిన పిల్లలు అంగడి లెక్కకు తడబడిరి. కావున కాగితముపై తప్పినవానికి బుద్ధి లేదనుట యుక్తము కాదు. వాని బుద్ధికిని కాగితమునకును నడుమ వంతెన లేదనుట యుక్తము.

బిడ్డ వెనుకబడుటకు కారణములు పెక్కులు గలవు. మొట్టమొదట దేహమును చూడవలెను. నల్లబల్లమీది అక్షరములు కనబడని బిడ్డ, ఉపాధ్యాయుని మాట సగమే వినబడు బిడ్డ, ఆ సంగతి తానై చెప్పజాలదు. లోకమంతయు అందఱకును అట్లే కనబడునని తలచును. 2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము క్రింద బడిపిల్లలకు ఆరోగ్యపరీక్షలు చేయు ఏర్పాటు గలదు. కన్నును చెవిని పరీక్షింపింపకమునుపు బుద్ధిని నిందించుట అన్యాయము. రెండవది ఆకలియు నిద్రయు. ఉదయమున ఏమియు తినక వచ్చిన బిడ్డకు మధ్యాహ్నభోజనము వఱకు పాఠము తలకెక్కదు; అర్ధరాత్రి వఱకు సెల్‌ఫోను చూచిన బిడ్డకు తెల్లవాఱిన తరువాత అంతే. మూడవది హాజరు. చెఱకు నరకు కాలమున తల్లిదండ్రుల వెంట ఊరూరు తిరుగు కూలీల బిడ్డలకును, ఇంటనుండి చెల్లెండ్రను సాకు ఆడుబిడ్డలకును తప్పిన దినములే తప్పిన మెట్లగుచున్నవి.

నాలుగవది భాష. ఇది మన ప్రాంతమున ప్రత్యేకముగా ఆలోచింపదగినది. 1931 నాటికి నిజాంసాగరు నీరును, 1937లో నెలకొని 2015లో మూతపడిన బోధను చక్కెర కర్మాగారమును ఎన్నో తావులవారిని ఇచ్చటికి చేర్చినవి. మహారాష్ట్రపు సరిహద్దు కూతవేటు దూరమున నున్నది. నేటికిని బోధను వీధులలో తెలుగు, ఉర్దూ, మరాఠీ వినవచ్చును. తండాలలో లంబాడీ భాష యింటిభాష. ఒక్క సంఖ్య పేరునే చూడుడు. తెలుగున ‘ఇరువది తొమ్మిది’ అను పేరే తనలో ఇరువదియు తొమ్మిదియు గలవని చెప్పుచున్నది. ఉర్దూలోని ‘ఉన్తీస్’, మరాఠీలోని ‘ఎకోణతీస్’ ముప్పదికి ఒకటి తక్కువ యను భావమునుండి పుట్టినవి. ఇంగ్లీషులో ‘థర్టీన్’, ‘థర్టీ’ అనునవి పసిచెవికి ఒక్కటే. ఇంట నొకటి, వీధిలో నొకటి, బడిలో నొకటి విని కలవరపడు బిడ్డ లెక్క తెలియనిది కాదు, పేరు తెలియనిది.

ఈ చిక్కు మనకు నేడు క్రొత్తగా వచ్చినది కాదు. నిజాము పాలనలో తెలుగింటి పిల్లలు ఉన్నత పాఠశాలలలో పాఠములను ఉర్దూలో వినవలసియుండెను. 1918లో స్థాపింపబడిన ఉస్మానియా విశ్వవిద్యాలయమునకును నాడు ఉర్దూయే బోధనభాష. ఆ కాలమున చదువు రాదని బడి మానినవారిలో బుద్ధి లేనివారెందఱో, భాష రానివారెందఱో ఎవరు విచారించిరి? ఇందుకు విరుద్ధముగా పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి పంతులుగారు సవరభాషను తాము నేర్చి, ఆ భాషలోనే పుస్తకములు కూర్చి, సవర బిడ్డలకు చదువు చెప్పించిరి. బిడ్డ గురువు భాషకు రాకమునుపు గురువే బిడ్డ భాషకు పోవలెనని వారి నడవడి బోధించుచున్నది. 2022–23 విద్యాసంవత్సరమునుండి తెలంగాణ ప్రభుత్వ పాఠశాలలలో ఒకటినుండి ఎనిమిదవ తరగతి వఱకు ఇంగ్లీషు మాధ్యమము ప్రవేశపెట్టబడినది. పాఠ్యపుస్తకమున ఒక పుటను తెలుగును, ఎదుటి పుటను ఇంగ్లీషును ముద్రించిరి. ఇది బిడ్డకు గొప్ప సాయము. మొదట ఇంటిమాటలో సంగతి తెలిసికొననిచ్చి, పిదప ఇంగ్లీషు పుట చదివింపుడు. అర్థము కాని వాక్యమును కంఠస్థము చేయించుట చదువు కాదు.

కారణము తెలిసిన పిమ్మట చేయవలసినదేమి? బిడ్డ నిజముగా నిలిచియున్న మెట్టును కనుగొనవలెను. తరగతి సంఖ్యను చూడవలదు. అక్షరములు గుర్తించునా? గుణింతములతో కూడిన పదము చదువునా? ‘అమ్మ’ను ‘అమ’ యని చదువుచు ఒత్తులయొద్ద ఆగిపోవుచున్నదా? చిన్న కథ చదివి తన మాటలలో చెప్పగలదా? లెక్కలలో రెండంకెల సంఖ్యలు తెలియునా? తీసివేత వచ్చునా? ఎచ్చట తడబడునో అచ్చటికి ఒక మెట్టు క్రిందనుండి ప్రారంభింపవలెను. నాలుగవ తరగతి బిడ్డకు ఒకటవ తరగతి వాచకము చేతికిచ్చుట అవమానము కాదు; అర్థము కాని నాలుగవ తరగతి పాఠము ముందు ఏడాదిపొడవున కూర్చుండబెట్టుటయే అవమానము.

ఈ పద్ధతి ఊహామాత్రము కాదు. 2001 మొదలు 2003 వఱకు ముంబయి, వడోదర నగరముల బడులలో మూడు, నాలుగు తరగతులలో వెనుకబడిన పిల్లలను దినమునకు రెండు గంటలు వేఱుగా కూర్చుండబెట్టి, ఆ వాడకే చెందిన యువతి యొకతె వారికి చదువు, లెక్కల మొదటి మెట్లు నేర్పెను. ఆమెను ‘బాలసఖి’ యనిరి. అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డూఫ్లో మొదలగువారు దాని ఫలితమును కొలిచి 2007లో ప్రకటించిరి: అందఱికంటె వెనుకనున్న పిల్లలే ఎక్కువ లాభము పొందిరి. బాలసఖులు మహాపండితులు కారు. ఉన్నత పాఠశాల చదువు ముగించినవారు. మన రాష్ట్రమున 2022లో ప్రారంభమైన ‘తొలిమెట్టు’ కార్యక్రమమునకును బిడ్డలకు మొదటి మెట్టును గట్టిపఱచుటయే ఉద్దేశము.

ఇంటియొద్ద చేయదగినది స్వల్పము, కాని ప్రతిదినము చేయదగినది. అరగంట చాలును. ఆ అరగంట టెలివిజను, సెల్‌ఫోను మూసియుంచవలెను. చదువెఱుగని తల్లియు బిడ్డచేత బిగ్గరగా చదివించుకొని వినవచ్చును, “ఈ దినము బడిలో ఏమి చెప్పిరి?” అని యడుగవచ్చును. తప్పు చెప్పినప్పుడు “కాదు” అనుటకు మాఱుగా “ఎట్లు చెప్పితివి?” అని యడుగవలెను, బిడ్డ చెప్పు జవాబులోనే తప్పుయొక్క వేరు దొరకును. ఆ బీడీ కార్మికురాలికి నేను చెప్పినది ఇంతియే: జొన్నదంటు పుల్లలను పదేసి చొప్పున బీడీదారముతో కట్టి, నాలుగు కట్టలును రెండు పుల్లలును బిడ్డ ముందుంచి, ఒక కట్టను విప్పించి పదునేడు తీయించుమంటిని. వాడు చేతితో చేసినదానిని వెంటనే కాగితముపై వ్రాయవలెను. వంతెన యనగా ఇదియే.

ఇక దండన విషయము. మన తాతలనాటి వీధిబడులలో కోదండము, గోడకుర్చీ, గుంజిళ్లు ఉండెను. వానిని తలచుకొని నవ్వుకొనువారు గలరు. వాని భయముచే బడి విడిచినవారు చరిత్రకెక్కలేదు. పరుల నననేల? నా కుమార్తె రెండవ తరగతిలో నుండగా ‘భ’ను ‘బ’ యని పదేపదే చదువుచుండెనని సహింపలేక చెంపమీద కొట్టితిని. మఱునాటినుండి నా అడుగుల సవ్వడి వినగానే ఆ బిడ్డ వాచకము దాచుచుండెను. నేనామెకు నేర్పినది ‘భ’ కాదు, భయము. దానిని పోగొట్టుటకు నాకు కొన్ని నెలలు పట్టినది. ఇరుగుపొరుగు బిడ్డలతో పోల్చి చెప్పు మాటయు దెబ్బ వంటిదే.

న్యాయవాదిగా మఱొక సంగతి చెప్పవలెను. ఇది దయాధర్మమునకు విడిచిన విషయము కాదు. 2009 నాటి విద్యాహక్కు చట్టము 2010 ఏప్రిలు 1నుండి అమలులో నున్నది. దాని 17వ సెక్షను బిడ్డను కొట్టుటను, మనస్సు నొప్పించి బాధించుటను నిషేధించుచున్నది. 24వ సెక్షను ప్రతి బిడ్డ నేర్చుకొను శక్తిని అంచనా వేసి, కావలసినయెడల అదనముగా బోధించుటను, తల్లిదండ్రులతో క్రమముగా సమావేశమై బిడ్డ ప్రగతిని తెలుపుటను ఉపాధ్యాయుని విధిగా చేసినది. 21వ సెక్షను చెప్పు పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడువంతులకు తక్కువ కాకుండ తల్లిదండ్రులు, సంరక్షకులు ఉండవలెను. కావున బడికి పోయి “మా బిడ్డ ఏ మెట్టునొద్ద ఆగినది?” అని యడుగుట తల్లిదండ్రుల హక్కు. అయినను ఉపాధ్యాయుని ప్రతివాదిగా చూడవలదు. రెండు మూడు తరగతుల నొక్కడే మోయు పంతులకు ఇంటినుండి వచ్చు సాయమే బలము.

కొందఱు “ట్యూషను పెట్టినాము, అయినను లాభము లేదు” అందురు. తరగతిలో అర్థము కాని పాఠమునే సాయంకాలము మరల వల్లెవేయించు ట్యూషను తప్పిన మెట్టును చూపదు. మఱికొందఱు “ఆ తరగతిలోనే మఱియొక యేడు ఉంచుడు” అందురు. చెప్పిన విధముననే మరల చెప్పినచో కాలము పోవును గాని లోపము పోదు. ఓపికతో ఎన్ని నెలలు నేర్పినను అక్షరములు నిలువని బిడ్డలు కొందఱుందురు. అది సోమరితనము కాదు. తెలివి గల బిడ్డలకును కలుగు అభ్యసన వైకల్యము కావచ్చును. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము దానిని గుర్తించి, వీలైనంత త్వరగా కనిపెట్టి తగిన రీతిని బోధింపవలెనని విధించినది. అట్టి బిడ్డను వైద్యునికిని, మండలమునందలి భవిత కేంద్రమునకును చూపుటకు సిగ్గుపడరాదు.

ఆ బాలుని సంగతి చెప్పి ముగించెదను. ఐదారు నెలలకు తల్లి మరల వచ్చినది. వాడు తరగతిలో మొదటివాడు కాలేదు. ఒత్తులయొద్ద ఇంకను ఆగుచున్నాడు. కాని ఆగి, తిరిగి చదువుచున్నాడు. తీసివేతలు వచ్చినవి. మేస్త్రీ మాట తల్లి యెత్తలేదు. “ఇప్పుడు రాత్రి నా లెక్క వాడే రాస్తుండు వకీలు సాబ్” అనెను. ఆమె చూపిన చిన్న పుస్తకమున బీడీకట్టల లెక్క వంకరటింకర అంకెలతో నుండెను. నేను కూడి చూచితిని, సరిపోయినది.

చదువరులారా, మీ యింటనో మీ వాడనో ‘మొద్దు’ అను తీర్పు పొందిన బిడ్డ యొకడుండును. ఈ రాత్రియే వానిని దగ్గఱ కూర్చుండబెట్టుకొని ఒక లెక్క యిచ్చి, తప్పినచో “ఎట్లు చేసితివి నాయనా?” అని యడుగుడు. వాడు చెప్పునంతవఱకు ఓపికతో వినుడు. విచారణ అచ్చట మొదలగును.